వెలుతురే ఆహారమైన జీవికి ఏ దీపం?

సముద్రపుష్పమనే పేరు వినగానే అదొక మొక్క అనుకోవడం సహజం. ఆంగ్లంలో దీనికి సీ అనిమోన్ అని పేరు పెట్టినవారు కూడా అనిమోన్ అనే తోటపువ్వును తలచుకునే పెట్టారు. కాని ఇది పువ్వూ కాదు, మొక్కా కాదు. మాంసం తినే జంతువు. బడిలో జీవశాస్త్రం చదివినవారికి హైడ్రా గుర్తుండే ఉంటుంది. ఆ హైడ్రాకూ, జెల్లీ చేపకూ, పగడానికీ ఇది దాయాది. నడుమ ఒక నోరు, నోటి చుట్టూ వేళ్ళవంటి స్పర్శకాలు, ఆ స్పర్శకాల నిండా కుట్టి విషమెక్కించే సూక్ష్మ కణాలు, అడుగున రాతిని అంటిపెట్టుకునే పాదం - దీని శరీరం ఇంతే. మెదడు లేదు, గుండె లేదు, కళ్ళు లేవు.

కళ్ళే లేని జంతువుకు దీపంతో పనేమిటి? ఇంటి ముందు గదిలో ఉప్పునీటి అక్వేరియం అమర్చుకుని, అందులో ఒక సముద్రపుష్పాన్నీ, దాని ఒడిలో ఆడుకునే నారింజరంగు క్లౌన్ చేపల జంటనూ పెంచుకోవాలని ముచ్చటపడేవారు అందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న, ఏ దీపం కొనాలన్నదే. ఈ ప్రశ్నకు సమాధానం దీపాల దుకాణంలో దొరకదు. ఆ జంతువు శరీరంలో దొరుకుతుంది. అది తెలియక కొన్న దీపం గదికి అందం తెస్తుందే కాని, దాని కింద ఆ జీవి నెలల తరబడి మెల్లమెల్లగా పస్తులుండి కరిగిపోతుంది. ఆ పస్తు పైకి కనిపించదు కాబట్టే ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

ఒంట్లో దాగిన తోట

ఉష్ణమండల సముద్రాలలోని అనేక సముద్రపుష్పాల కణజాలంలో గోధుమవన్నెగల సూక్ష్మమైన ఏకకణ శైవలాలు లక్షల సంఖ్యలో నివసిస్తూ ఉంటాయి. 1881లో కార్ల్ బ్రాంట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, జంతువుల శరీరాలలో కనిపించే ఈ పసుపు కణాలు జంతువు భాగాలు కావనీ, వేరే జీవులనీ గుర్తించి, వాటికి జూజాంథెల్లా అనే పేరు పెట్టాడు. ఈనాటికీ అక్వేరియం పెంపకందార్లు ఆ పేరునే వాడుతున్నారు.

ఈ రెండు జీవుల నడుమ సాగే ఇచ్చిపుచ్చుకోవడం విచిత్రమైనది. శైవలం సూర్యరశ్మిని గ్రహించి, కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరలను తయారుచేసి, అందులో పెద్దపాలు తనకు ఆశ్రయమిచ్చిన జంతువుకు అప్పగిస్తుంది. జంతువు విడిచే కార్బన్ డయాక్సైడూ, అమ్మోనియా వంటి వ్యర్థాలూ శైవలానికి ఎరువులవుతాయి. స్పర్శకాల నడుమ కాపురముండే క్లౌన్ చేప విసర్జించే మలినాలు కూడా ఈ తోటకే ఎరువు. చేప శత్రువుల బారినుండి రక్షణ పొందుతుంది. ప్రతిఫలంగా తోటకు ఎరువు వేస్తుంది. ఉష్ణమండల పగడపు దిబ్బల చుట్టూ నీరు అద్దంలా తేటగా ఉండడానికి కారణం అందులో తేలియాడే ఆహారం తక్కువగా ఉండడమే. అటువంటి చోట ఒకేచోట అంటుకుని కూర్చునే జంతువు బలంగా ఎదగగలుగుతున్నదంటే, అది ఈ తోట చలవే.

కాబట్టి తొట్టె మీద వెలిగే దీపం అలంకారం కాదు, ఆ జంతువుకు వంటిల్లు. మనం దీపం ఎన్నుకోవలసింది మన కంటి కోసం కాదు, జంతువు కోసం కూడా కాదు. దాని ఒంట్లో దాగివున్న శైవలం కోసం. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కిన లెక్కలన్నీ తేలికగా అర్థమవుతాయి.

ఎడిన్‌బరో అవ్వ

అయితే సముద్రపుష్పాలన్నీ వెలుతురు మీద ఆధారపడినవి కావు. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ స్కాట్లండులో ఉన్నది. సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశీలకుడు 1828లో నార్త్ బెరిక్ తీరాన రాళ్ళ మధ్య ఒక ఎర్రని చిన్న సముద్రపుష్పాన్ని ఏరి తెచ్చి, గాజు పాత్రలో సముద్రపు నీరు పోసి పెంచసాగాడు. 1851లో ఆయన మరణించాడు. అది మాత్రం మరణించలేదు. ఒకరి తరువాత ఒకరుగా పండితుల చేతులు మారి చివరకు ఎడిన్‌బరోలోని రాజోద్యానానికి చేరింది. జనం దాన్ని ముద్దుగా 'గ్రానీ', అంటే అవ్వ అని పిలిచేవారు. వందలాది పిల్లలను కన్న ఆ అవ్వ 1887లో కన్నుమూసింది. మనిషి పెంపకంలోనే 59 సంవత్సరాలు బ్రతికిందన్నమాట!

ఆ రోజుల్లో విద్యుద్దీపాలు ఎక్కడివి? అవ్వ అన్నేళ్ళు ఎలా బ్రతికింది? సమాధానం సులభం. అది చలిసముద్రపు జాతి. దాని ఒంట్లో శైవలాల తోట లేదు. మాంసపు ముక్కలూ, తాజా సముద్రపు నీరూ అందితే దానికి చాలు. మన దుకాణాలలో క్లౌన్ చేపకు తోడుగా అమ్మే పెద్ద సముద్రపుష్పాల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే జాతులు ప్రపంచం మొత్తం మీద పదింటిగా శాస్త్రజ్ఞులు చాలాకాలంగా లెక్కిస్తున్నారు. అవన్నీ వెచ్చని సముద్రాలవి, అన్నిటికీ ఒంట్లో తోట ఉన్నది. మన్నారు సింధుశాఖలోనూ, లక్షద్వీపాల చుట్టూ, అండమాన్, నికోబార్ సముద్రాలలోనూ నివసించేవి ఈ తెగవే. ఆటు సమయంలో విశాఖపట్నం తీరపు రాళ్ళ మడుగులలో కనిపించే చిన్న చిన్న సముద్రపుష్పాలను చూసి, వీటికీ అంతే వెలుతురు చాలుననుకుంటే పొరపాటు.

అవ్వ కథ మనకు నేర్పే రెండో పాఠం మరింత ముఖ్యం. ఈ జీవులకు ముసలితనం త్వరగా రాదు. సరిగా చూసుకుంటే దశాబ్దాల పాటు బ్రతకగల జంతువు మన ఇంట్లో ఆరు నెలలకే నశించిందంటే, అది ఆయువు తీరి పోలేదు; మన ఏర్పాటులో ఏదో లోపం ఉన్నదని అర్థం. ఆ లోపం తరచు వెలుతురు దగ్గరే ఉంటుంది.

కంటి లెక్క వేరు, శైవలం లెక్క వేరు

దీపాల పెట్టెల మీద లూమెన్లు అని ఒక అంకె ఉంటుంది. ఆ కొలత మనిషి కంటికి సంబంధించినది. మన కన్ను పచ్చని, పసుపుపచ్చని కాంతిని ఎక్కువగా గుర్తిస్తుంది. నీలికాంతిని అంతగా గుర్తించదు. శైవలం సంగతి వేరు. అందులోని పత్రహరితమూ, దానికి తోడుగా ఉండే ఇతర వర్ణద్రవ్యాలూ 400 నుండి 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల ఊదా, నీలి, నీలాకుపచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. దీనికి కారణం సముద్రమే. సూర్యకాంతి నీటిలోకి దిగినకొద్దీ మొదట ఎరుపు, తరువాత నారింజ, పసుపు వన్నెలు అంతరిస్తాయి. తేటనీటిలో చాలా లోతుకు చేరేది నీలికాంతి. తరతరాలుగా ఆ నీలి వెలుగులోనే బ్రతికిన శైవలం దాన్ని వాడుకోవడంలోనే ఆరితేరింది. అందువల్ల కళ్ళు మిరుమిట్లు గొలిపే పచ్చటి దీపం కింద శైవలం పస్తుండవచ్చు. మనకు మసకగా తోచే నీలిదీపం కింద అది కడుపునిండా భోంచేయవచ్చు.

మరొక అంకె కెల్విన్లు. ఇది దీపపు వన్నెను సూచిస్తుంది గాని బలాన్ని కాదు. మామూలు పగటి వెలుగు సుమారు 6,500 కెల్విన్లు. 10,000 అంటే నీలిఛాయగల స్వచ్ఛమైన తెలుపు. 14,000, 20,000 అంటే క్రమంగా ముదిరే నీలం. ఉప్పునీటి అక్వేరియాలకు 10,000 నుండి 20,000 వరకు గల దీపాలు వాడుకలో ఉన్నాయి. ఈ హద్దులలో ఏది ఎన్నుకున్నా సముద్రపుష్పం బ్రతుకుతుంది, తగినంత బలం ఉంటే.

ఆ బలాన్ని కొలిచే అసలైన కొలత పేరు పార్. కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడే 400 నుండి 700 నానోమీటర్ల కాంతి ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో ఎంత పడుతున్నదో అది చెబుతుంది. దాని ప్రమాణం మైక్రోమోల్. నడివేసవి మధ్యాహ్నం మేఘాలు లేని ఆకాశం కింద ఈ అంకె సుమారు 2,000. దీనితో పోల్చి చూస్తే మామూలు గది దీపాల వెలుగు ఎంత స్వల్పమో తెలుస్తుంది. మనం హాయిగా పుస్తకం చదువుకునే గదిలో ఈ అంకె సాధారణంగా పదికి కూడా చేరదు. మన కన్ను చీకటికీ వెలుగుకూ ఇట్టే సర్దుకుపోతుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. ఆకలిగొన్న శైవలానికి తెలుస్తుంది.

పార్ కొలిచే పరికరం ఖరీదైనదే. కాని దాన్ని ప్రతివారూ కొనవలసిన పని లేదు. అక్వేరియం పెంపకందార్లు నలుగురు కలిసి ఒకటి కొని చేతులు మార్చుకోవచ్చు; కొందరు వర్తకులు అద్దెకిస్తారు. చేతి ఫోనులోని లక్స్ మీటరును దీనికి బదులుగా వాడేవారున్నారు. సూర్యకాంతిలో సుమారు 54 లక్స్‌లు ఒక మైక్రోమోల్‌కు సమానం. నీలిపాలు ఎక్కువైన దీపం కింద ఈ లెక్క చెడిపోతుంది, ఎందుకంటే లక్స్ కూడా మనిషి కంటిని బట్టి ఏర్పడిన కొలతే. తెల్లని దీపాల వరకే దాన్ని నమ్మవచ్చు.

ఎవరికి ఎంత?

సముద్రపుష్పాలలో తొలిసారి పెంచేవారికి అనువైనది, స్పర్శకాల కొనలు బుడగల్లా ఉబ్బివుండే జాతి. వర్తకులు దీన్ని బబుల్ టిప్ అంటారు. శాస్త్రీయనామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. ఇది రాతి పగులులో పాదాన్ని దూర్చుకుని, స్పర్శకాలను మాత్రం వెలుగులోకి చాస్తుంది. అది కూర్చున్న చోట 100 నుండి 250 వరకు పార్ ఉంటే హాయిగా పెరుగుతుందని పెంపకందార్ల అనుభవం. తివాచీ పరచినట్లు ఇసుక మీద విస్తరించే కార్పెట్ జాతులకూ, రాతి కొనలెక్కి సముద్రపు ఎండలో మెరిసే మాగ్నిఫికా జాతికీ ఇంకా ఎక్కువ కావాలి: 250 నుండి 400 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. ఇవి తొలిసారి పెంచేవారి చేతికి తగినవి కావు.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. కార్పెట్ జాతి తొట్టె అడుగున ఇసుకలో ఉంటుంది. అంటే దీపానికి అత్యంత దూరంలో. బబుల్ టిప్ రాళ్ళ మీద సగం ఎత్తులో ఉంటుంది. అందువల్ల ఒకే దీపం ఒకదానికి చాలి, మరొకదానికి చాలకపోవచ్చు. రెండడుగుల లోతుగల తొట్టెలో నీరు మింగే వెలుతురు కొద్దిపాటిదే. వెలుతురు తగ్గేది ముఖ్యంగా దూరం వల్ల, పక్కలకు చెదిరిపోవడం వల్ల. దీపాన్ని ఎత్తుగా వేలాడదీస్తే వెలుగు సమంగా పరుచుకుంటుంది, కాని బలం తగ్గుతుంది. దగ్గరకు దించితే నడుమ మంట, అంచుల్లో చీకటి. కాబట్టి దీపం కొనేటప్పుడు తొట్టెలో ఎన్ని లీటర్ల నీరు పడుతుందని కాదు, తొట్టె ఎంత లోతు, ఎంత వెడల్పు, జంతువు ఎక్కడ కూర్చుంటుంది అని అడగాలి. లీటరుకు ఇన్ని వాట్లు అనే పాత సూత్రం ఈనాటి దీపాలకు పనికిరాదు. ఒకే వాటుకు ఒక్కొక్క దీపం ఒక్కొక్క రీతిగా వెలుగునిస్తుంది.

ఎండ పడే కిటికీ పక్కన తొట్టె పెడితే ఖర్చు లేకుండా పోతుంది కదా అని కొందరికి తోస్తుంది. మన దేశపు ఎండకు బలం కావలసినంత ఉన్నది, నిదానమే లేదు. పక్కనుండి పడే ఎండకు నీరు వేడెక్కుతుంది, గాజు మీద పాచి పేరుకుంటుంది, ఋతువు మారితే వెలుగు దిశ మారిపోతుంది. ఇంటి లోపల తొట్టెకు దీపమే నమ్మదగినది.

మూడు తరాల దీపాలు

మొదటి తరం ట్యూబ్ లైట్లు. వీటిలో 16 మిల్లీమీటర్ల మందంగల టి5 రకం అక్వేరియాలకు చాలాకాలం సేవ చేసింది. తొట్టె అంతటా నీడలు లేకుండా సమంగా వెలుగునివ్వడం వీటి గొప్పతనం. కాని ట్యూబు వెలుగుతూ ఉండగానే లోపలి పూత క్షీణిస్తుంది. కంటికి తేడా తెలియకపోయినా ఏడాది తిరిగేలోపు మార్చవలసి వస్తుంది. పైగా సాధారణ అవసరాలకు వాడే పాదరసపు ట్యూబుల తయారీని 2027 నాటికి నిలిపివేయాలని మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో నిర్ణయించాయి. కాబట్టి కొత్తగా అక్వేరియం అమర్చుకునేవారు వీటిని నమ్ముకోవడం దూరదృష్టి అనిపించుకోదు.

రెండవ తరం మెటల్ హాలైడ్ దీపాలు. నడిమధ్యాహ్నపు ఎండను తలపించే బలం వీటిది. నీటి అలలు అడుగున వెలుగు వలల్లా కదలాడే దృశ్యం ఈ దీపాల కింద అతి మనోహరంగా ఉంటుంది. వీటితో వచ్చే చిక్కు వేడి. సముద్రపుష్పానికి నీటి ఉష్ణోగ్రత 25 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మే నెలలో విజయవాడలోనో, నాగపూరులోనో గది వేడి 35 దాటినప్పుడు, దానికి 250 వాట్ల హాలైడ్ దీపపు వేడి తోడైతే నీటిని చల్లబరిచే యంత్రం తప్పనిసరి అవుతుంది.

మూడవ తరం ఎల్.ఇ.డి. దీపాలు. 1990ల ఆరంభంలో జపాను శాస్త్రజ్ఞులు మంచి వెలుగునిచ్చే నీలి ఎల్.ఇ.డి.ని సాధించారు, అందుకుగాను అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ప్రపంచమంతా తెల్లని వెలుగు కోసం వారిని కొనియాడింది. ఉప్పునీటి అక్వేరియాలకు మాత్రం ఆ నీలిరంగే అసలు వరం. శైవలానికి కావలసిన తరంగదైర్ఘ్యాలనే ఎన్నుకుని, తక్కువ విద్యుత్తుతో, తక్కువ వేడితో, కావలసినంత హెచ్చించి తగ్గించుకునే వీలుతో అందించగలిగేది ఇదే. రోజుకు పది గంటల చొప్పున 250 వాట్ల హాలైడ్ దీపం నెలకు 75 యూనిట్లు ఖర్చు చేస్తే, 100 వాట్ల ఎల్.ఇ.డి. 30 యూనిట్లు ఖర్చు చేస్తుంది. కొనేటప్పటి ధర మాత్రమే కాక, ఈ నెలసరి లెక్క కూడా వేసుకోవాలి.

ఎల్.ఇ.డి.లోనూ మోసపోయే అవకాశం లేకపోలేదు. మంచినీటి చేపల తొట్టెకు వాడే సన్నని పట్టీ దీపం, నీలిరంగు పులిమినంత మాత్రాన సముద్రపు దీపం కాజాలదు. తయారీదారు ఏ లోతులో ఎంత పార్ లభిస్తుందో పట్టిక ముద్రించాడా అని చూడాలి. ముద్రించకపోతే, కొలిచి చూపించమని అడగాలి. చవక దీపాన్ని ఎక్కువ గంటలు వెలిగించి లోటు పూడ్చుకోవచ్చుననుకోవడం సరికాదు. శైవలం కూడా శ్వాసిస్తుంది. దానికీ రోజువారీ ఖర్చు ఉంటుంది. వెలుగు ఒక హద్దుకు తక్కువైతే రాబడి ఖర్చుకే చాలదు, జంతువుకు పంచడానికి మిగలదు. అటువంటి వెలుగును ఇరవై గంటలు ఇచ్చినా ఫలితం పాచి పెరగడమే.

కొత్త ఇంటికి అలవాటు పడనివ్వాలి

దీపం బలమైనది దొరికింది కదా అని మొదటిరోజే పూర్తిగా వెలిగించకూడదు. వర్తకుని తొట్టెలో వారాల తరబడి మసకవెలుగులో ఉన్న జంతువు ఒక్కసారిగా తీవ్రమైన వెలుగులో పడితే, శైవలం తట్టుకోలేక హానికరమైన ఆక్సిజన్ రూపాలను వెలువరిస్తుంది. జంతువు తన తోటను తానే బయటకు నెట్టివేస్తుంది. మొదట మూడోవంతు బలంతో ప్రారంభించి, మూడు నాలుగు వారాలలో క్రమంగా పెంచాలి. రోజుకు ఎనిమిది నుండి పది గంటలు వెలిగిస్తే చాలు. ఉదయం మెల్లగా తెల్లవారినట్లు, సాయంత్రం మెల్లగా పొద్దుగూకినట్లు అమర్చగలిగితే మరీ మంచిది. గడియారపు స్విచ్చు పెట్టడం వల్ల మనం ఊరు వెళ్ళినా క్రమం తప్పదు. రాత్రి చీకటి కూడా పగటి వెలుగంత అవసరమే.

వారానికొకసారి దీపం అద్దం మీద పేరుకున్న ఉప్పుపొడిని తుడవాలి. నీరు పసుపుపచ్చగా మారితే నీలికాంతి ఆ నీటిలోనే ఆగిపోతుంది. ఉత్తేజిత బొగ్గుతో వడకడితే తేటబడుతుంది. కొత్త దీపం కొనేముందు, ఉన్న దీపాన్ని శుభ్రం చేసి చూడడం తెలివైన పని.

మూగజీవి చెప్పే మాట

సముద్రపుష్పం మాటలాడలేదు, కాని దాని తీరును గమనిస్తే చాలా చెబుతుంది. కాండం సాగదీసి పైకి పైకి నిక్కుతున్నదంటే వెలుగు చాలడం లేదని అర్థం. ముడుచుకుని రాతి నీడకు పోతున్నదంటే వెలుగు ఎక్కువైందనో, కొత్త చోటుకు ఇంకా అలవాటు పడలేదనో అర్థం. ఇది స్థిరంగా కూర్చునే జంతువే గాని పాదంతో మెల్లగా నడవగలదు. చోటు నచ్చకపోతే రాత్రికి రాత్రి బయలుదేరుతుంది. ఆ ప్రయాణంలో మోటారు పంపులోకి లాగబడి ముక్కలైపోయే ప్రమాదం ఉన్నది. అది కుళ్ళితే తొట్టెలోని చేపలకు కూడా ముప్పు. అందుకని పంపుల మూతులకు స్పాంజి తొడుగు ముందే వేయాలి. నచ్చిన చోటు దొరికాక దాన్ని మళ్ళీ మనకు నచ్చిన చోటుకు జరపకూడదు. దీపాన్ని దాని దగ్గరకు జరపాలి.

అన్నిటికంటె ముఖ్యమైన సూచన రంగు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గోధుమ, తేనె, ఆకుపచ్చ ఛాయలు కనిపిస్తాయి. అవి లోపలి తోట పచ్చగా ఉన్నదనడానికి గుర్తు. ఛాయ పలచబడి పాలతెలుపుగా మారితే తోట ఖాళీ అయిందన్నమాట. 1998లో సముద్రజలాలు వేడెక్కినప్పుడు లక్షద్వీపాలలోనూ, అండమాన్ లోనూ, మన్నారు సింధుశాఖలోనూ పగడాలు తెల్లబడిపోయినది ఈ విధంగానే. వెలిసిపోయిన సముద్రపుష్పం వెంటనే చనిపోదు. మితమైన వెలుగులో ఉంచి, వారానికి రెండు మూడుసార్లు రొయ్య మాంసాన్ని చిన్నచిన్న తునకలుగా అందిస్తూ వస్తే, కొన్ని నెలలకు మళ్ళీ రంగు తేలవచ్చు. దాన్ని బలమైన దీపం కింద పెట్టి త్వరగా బాగుచేయాలనుకుంటే మిగిలిన శైవలం కూడా పోతుంది. మాంసం అందించడం వెలుతురుకు తోడు మాత్రమే, బదులు కాదు.

కొనేముందు

ఈ విషయం తెలియనివారికి తెల్లని సముద్రపుష్పం అపురూపంగా తోస్తుంది. అపురూపమైన రకమని ఎక్కువ ధరకు అమ్మేవారూ ఉన్నారు. నిజానికి అది పస్తులతో ఉన్న జీవి. నిమ్మపండు పసుపు, ముదురు ఊదా వంటి మరీ పొద్దు రంగులలో కనిపించేవాటికి కొన్నిసార్లు రంగు వేసి ఉంటారు. ఆ రంగు కింద దాగి ఉండేది కూడా ఆ తెలుపే. నోరు తెరుచుకుని వేలాడుతున్నదాన్ని, పాదం చిరిగినదాన్ని ఎంత చవకగా వచ్చినా తీసుకోరాదు.

అది ఎక్కడినుండి వచ్చిందో కూడా అడగాలి. మన్నారు సింధుశాఖలోని దీవులు, వాటి చుట్టుపక్కల సముద్రం 1986 నుండి జాతీయ ఉద్యానవనం. అక్కడినుండి ఏ జీవినీ తీయడానికి వీల్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలన్నిటికీ 2001లో అత్యున్నత రక్షణ లభించింది. మన సముద్రాలనుండి వాటిని తీసి అమ్మడం నేరం. సముద్రంనుండి పీకితెచ్చిన పెద్ద సముద్రపుష్పం దారిలో బ్రతకడం కష్టం, తొట్టెలో నిలవడం ఇంకా కష్టం. పైగా అది పోయిన చోట దాని నీడన బ్రతికే క్లౌన్ చేపలు దిక్కులేనివవుతాయి. బబుల్ టిప్ జాతికి ఒక సౌకర్యం ఉన్నది. తొట్టెలో బాగా పెరిగితే అది తనంత తానే రెండుగా చీలి, రెండు జీవులవుతుంది. అలా మరో పెంపకందారు తొట్టెలో పుట్టిన పిల్లను తెచ్చుకుంటే సముద్రానికి నష్టం లేదు. దీపపు వెలుగుకు ముందే అలవాటు పడినది కనుక అది త్వరగా నిలదొక్కుకుంటుంది కూడా. క్లౌన్ చేపల విషయంలోనూ ఇంతే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని తొట్టెలలో పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించింది. తొట్టెలో పుట్టిన క్లౌన్ చేప సముద్రపుష్పం లేకుండానే నిండు ఆయువు బ్రతకగలదు. చేప కోసమని సముద్రపుష్పాన్ని తేనక్కర లేదు.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు. ఉప్పునీరు విద్యుత్తుకు రాచబాట. దీపాన్ని గట్టిగా బిగించి, తీగలు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి లేచేలా వదులుగా అమర్చాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు. లీకేజీని గుర్తించి కరెంటు ఆపే బ్రేకరు తప్పనిసరి. ఇక కరెంటు పోయినప్పుడు దీపం గురించి దిగులుపడనక్కర లేదు. ఒకటి రెండు రోజుల చీకటిని సముద్రపుష్పం ఓర్చుకుంటుంది. సముద్రంలోనూ మబ్బుపట్టిన రోజులుంటాయి. గాలి అందకపోతే మాత్రం తొట్టెలో ఏ జీవీ నిలవదు. బ్యాటరీ ఉంటే దాన్ని గాలి పంపుకు తగిలించాలి.

చివరగా, క్రమం. చాలామంది మొదట జంతువును చూసి ముచ్చటపడి కొంటారు. తరువాత తొట్టె, ఆ తరువాత డబ్బు మిగిలితే దీపం. ఈ వరుస తలకిందులు కావాలి. ముందు ఏ జాతిని పెంచుతామో నిర్ణయించాలి. దానికి తగిన లోతుగల తొట్టెను, ఆ లోతుకు తగిన దీపాన్ని కొనాలి. నీటిని కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, నిలకడగా నడపాలి. ఉప్పదనం సముద్రంలో మాదిరి వెయ్యికి 35 పాళ్ళు ఉండాలి, ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని మంచినీరే పోయాలి. జంతువు కూర్చోబోయే చోట వెలుగును కొలిచి చూడాలి. అప్పుడు మాత్రమే దాన్ని ఇంటికి తేవాలి. దీపానికి తగిన డబ్బు ఈ ఏడాది కూడకపోతే వచ్చే ఏడాది దాకా ఆగడమే మేలు. ఆ ఏడాదంతా రాళ్ళతో, చిన్న చేపలతో తొట్టె అందంగానే ఉంటుంది. మనకంటె ఎక్కువ కాలం బ్రతకగల ప్రాణిని ఇంటికి ఆహ్వానించేవారికి ఒక్క సంవత్సరం నిరీక్షణ పెద్దది కాదు.